గిన్నె అడుగున కారిన్ రాత

మా మిన్నెసోటాలో ఎవరైనా తినడానికి ఏదైనా ఇస్తే మొదటిసారి వద్దంటాం. రెండోసారీ వద్దంటాం. మూడోసారి కూడా వద్దంటే ఎదుటివాళ్ల మనసు నొచ్చుకుంటుంది. నా మనవరాలు బ్రిట్టా ఈ మర్యాదలోనే పెరిగింది. ఆ గుంపువాళ్లు దాన్ని పట్టుకున్నదీ దీంతోనే.

దాని తల్లి, నా కూతురు కారిన్, ఆకులు రాలే కాలంలో పోయింది. అంత్యక్రియలు కాగానే బ్రిట్టా డులూత్‌లో కాలేజీకి వెళ్లిపోయింది. అక్కడ భోజనాల గదిలో ఒక్కతే కూర్చుని తినేదట. మార్లీ అనే పిల్ల దాని దగ్గరికి వచ్చి, మా ఇంట్లో సూపు కాచాం, రమ్మని పిలిచింది. వద్దంది. మళ్లీ పిలిచింది. మళ్లీ వద్దంది. మూడోసారి వెళ్లింది.

"వాళ్లు దేవుడి గురించి ఒక్క మాట మాట్లాడలేదు అమ్మమ్మా," అని ఆ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. "అమ్మ గురించి అడిగారు. నేను చెప్తున్నంతసేపూ ఒక్కరు కూడా గడియారం చూళ్లేదు."

నేను సంతోషించాను. ఒంటరిగా తినే పిల్లకి తోడు దొరికిందనుకున్నాను.

క్రిస్మస్ నాటికి చదువు మానేసింది. ఉత్తరాన మార్లీ వాళ్లకున్న పొలానికి వెళ్లిపోయింది. ఆ చోటు పేరు వేకువ తోట. అక్కడి పెద్దని అందరూ పెద్దన్న అంటారు. బ్రిట్టాకి కొత్త పేరు పెట్టారు. ఫోన్ చేసినప్పుడల్లా పక్కన ఇంకెవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు వినిపించేది.

పక్కింటి ఆర్విల్ ఊరుకోలేదు. "ఈసారి వస్తే గదిలో పెట్టి తాళం వెయ్యి."

"ఇరవై ఏళ్ల పిల్లకి తాళమా? నీ కుక్కే నీ మాట వినదు, నువ్వు నాకు చెప్పొచ్చావు."

ఇలాంటి గుంపుల గురించి లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకున్నాను. పక్కన నిఘంటువు పెట్టుకుని మెల్లగా చదివాను. అన్నీ ఒకే మాట చెప్పాయి. వాదించొద్దు, వాళ్లని తిట్టొద్దు, తలుపు తెరిచి ఉంచు. భర్తనీ కూతుర్నీ సాగనంపినదాన్ని. తలుపు తెరిచి ఉంచి, నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ పుస్తకాలు రాసినవాళ్లకి తెలుసా అనుకున్నాను.

జనవరిలో బట్టలు తీసుకెళ్లడానికి వచ్చింది. వెంట మార్లీ. వీధిలో వ్యాన్ ఇంజన్ ఆపకుండానే దిగారు.

సంచి సర్దుకుని బ్రిట్టా అంది, "వెళ్లొస్తానని చెప్పకూడదు అమ్మమ్మా. వీడ్కోలు కాళ్లకి కట్టే తాడంటాడు పెద్దన్న. వెళ్లేటప్పుడు వెళ్లిపోవాలి, అంతే."

మా వైపు ఎవరూ అలా వెళ్లరు. బల్ల దగ్గర లేచి కాసేపు మాట్లాడతాం, గుమ్మంలో కాసేపు, మెట్ల మీద కాసేపు, ఆఖరికి కారు అద్దం దించి ఇంకాసేపు. నేను వాళ్ల వెనకే వ్యాన్ దాకా నడిచాను. నా చేతిలో గాజు గిన్నె ఉంది. అందులో మాంసం, బఠాణీలు, పైన బంగాళాదుంపలు పరిచి కాల్చిన హాట్‌డిష్.

"దారిలో తినండి."

"అయ్యో వద్దు బామ్మగారూ," అంది మార్లీ. "మేం బయటి వంట తినం."

"ఇందాకే దింపాను, ఇంకా వెచ్చగా ఉంది."

"నిజంగా వద్దండీ. మీకెందుకు శ్రమ."

"ఒక్కదాన్ని, ఇదంతా నేనెక్కడ తినను?"

ఆ పిల్ల చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి.

"ఏ ఊరు నీది?"

"బెమిడ్జీ పక్కనండీ," అంది నెమ్మదిగా. పెద్దన్న ఎక్కడివాడో గానీ, ఈ పిల్ల మాత్రం మా మిన్నెసోటా పిల్లే.

"గిన్నెకి తొందరేం లేదు," అన్నాను. ఒకరి గిన్నె ఇంకొకరి ఇంట్లో ఉండిపోవడం మా దగ్గర దొంగతనానికి కాస్త తక్కువ. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

బ్రిట్టా గిన్నె పైకెత్తి అడుగున చూసింది. అక్కడ ఒక టేపు ముక్క మీద నా పేరు ఉంటుంది. చర్చి విందుల్లో గిన్నెలు కలిసిపోకుండా కారిన్ రాసి అంటించింది. బ్రిట్టా ఆ రాత మీద బొటనవేలు పెట్టింది. వ్యాన్ కదిలింది.

ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. మార్చిలో అసలు రాలేదు. గిన్నె ఏ చెత్తకుప్పలోనో పగిలి ఉంటుందనుకున్నాను. నా భయాలకి అంతుండదు. గిన్నె తర్వాత పిల్లని కూడా అలాగే ఊహించుకుని లేచి కూర్చునేదాన్ని.

మే నెలలో సరస్సు మీద మంచు విరిగాక ఒక మధ్యాహ్నం ఆ వ్యాన్ వచ్చింది. మార్లీ ఇంజన్ ఆపకుండా స్టీరింగ్ దగ్గరే కూర్చుంది. బ్రిట్టా ఒక్కతే మెట్లెక్కింది. జుట్టు కత్తిరించేశారు. చెంపలు లోపలికి పోయాయి. చేతిలో నా గిన్నె. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని, పొలంలో మొదటి కోత రూబార్బ్, ఆ పుల్లటి ఎర్ర కాడలు, అందులో పెట్టింది.

"గిన్నె ఇద్దామని వచ్చాను, అంతే. పెద్దన్న పారెయ్యమన్నాడు. మార్లీ దాచింది."

తడి గుడ్డతో ఎవరు తుడిచారో గానీ, టేపు అంచు కూడా లేవలేదు.

"రా, కాఫీ తాగుదువు."

"వద్దు. నీ కాఫీ నీళ్లలా ఉంటుంది." ఒక్క క్షణం పాత బ్రిట్టా కనిపించింది.

"ఈ రూబార్బ్ అంతా నేనొక్కదాన్నే ఏం చేసుకోను? పిండిలో పెట్టి పై కాలుద్దాం రా."

వెనక్కి తిరిగి వ్యాన్ వైపు చూసింది. "నిజంగా వద్దు అమ్మమ్మా. వెళ్లాలి."

రెండుసార్లు అయిపోయాయి. మూడోది అడగాలంటే భయమేసింది. దానికీ వద్దంటే ఇక నేను అడగడానికి ఏమీ మిగలదు. ఆ పెద్దన్నని తిట్టాలనుంది, దాని చెయ్యి పట్టుకుని లోపలికి లాగాలనుంది. గిన్నెని గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

"గాలి చల్లగా ఉంది తల్లీ. కాసేపు కూర్చో. ఆ పిల్లని కూడా పిలువు. దాని మొహం చూస్తే సరిగ్గా తిని ఎన్నాళ్లయిందో అనిపిస్తోంది."

బ్రిట్టా గుమ్మం ముందు పట్టా మీద ఒంగి కూర్చుని బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టింది. బురదకి ముడి బిగుసుకుపోయింది. సాయం చెయ్యకుండా నిలబడ్డాను. వీధిలో వ్యాన్ ఇంజన్ చప్పుడు ఆగింది.