కృపాకుమారి టీచర్ వేసిన హాజరు

అనంతపురంలో బస్సెక్కినప్పటి నుంచి నేను చెప్పాల్సిన వాక్యాన్ని దిద్దుకుంటూనే ఉన్నాను. చిన్న వాక్యమే. టీచర్ని పట్టించింది నేను, పుల్లన్న కాదు. ముప్పై అయిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు కాబట్టి అది నాతోపాటు పెద్దది కాలేదు. తొమ్మిదేళ్ళ పిల్లవాడి గొంతుతోనే లోపల ఉండిపోయింది.

కృపాకుమారి టీచర్ చనిపోయి నెల అయింది. గార్లదిన్నెలో వాళ్ళ ఇంటి ముందు జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నామని, పాత పిల్లలంతా రావాలని ఆమె కూతురు ప్రసూన కబురు చేసింది.

మా ఊరి బడికి ఒకే గది, ఒకే టీచరు. ఆమె గార్లదిన్నె నుంచి మొదటి బస్సుకు వచ్చి, రోడ్డు మీద దిగి రెండు మైళ్ళు నడిచేది. శుక్రవారం అందరి గోళ్ళూ తనే తీసేది. ఐదో తరగతి వాళ్ళను తలుపుకు దూరంగా కూర్చోబెట్టేది. పనికి రమ్మని తల్లులు వచ్చి పిలిచేది వాళ్ళనే కదా, ముందు తనను దాటాలి అనేది ఆమె లెక్క.

నేను నాలుగులో ఉన్న ఏడాది వేరుశెనగ ఊడలు దిగకముందే ఎండిపోయింది. దసరా తర్వాత పదకొండు మంది పిల్లలం అమ్మానాన్నల వెంట బెంగుళూరు కట్టడాల పనికి పోయాం. అన్ని నెలలు రాని పిల్లల పేర్లు రిజిస్టరులో కొట్టేయాలి. కొట్టేస్తే మళ్ళీ చేర్చడానికి కాగితాలు కావాలి. కాగితాల కోసం తిరిగే ఓపిక మావాళ్ళకు లేదు, పిల్లవాడు ఇసుక మోస్తూ ఉండిపోతాడు. ఇదంతా తెలిసి ఆమె మా పదకొండు మందికీ రోజూ హాజరు వేసింది. పొడుగు కాగితాల మీద లెక్కలు రాసి, మమ్మల్ని పనికి తీసుకుపోయిన మేస్త్రీ చేత పంపేది. ఇసుక కుప్ప మీద కూర్చుని వాటిని చేసేవాణ్ణి. చేసినవి మేస్త్రీ తిరిగి పట్టుకుపోయేవాడు, తప్పుల కింద గీతలతో మళ్ళీ వచ్చేవి.

పేర్లు పిలిచేటప్పుడు నా బదులు పలికే పని చాప మీద నా పక్కన కూర్చునే పుల్లన్నది.

ఉగాదికి ముందు మేం తిరిగొచ్చాం. నేను బడికి పోయిన మూడో రోజు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నాతో, పుల్లన్నతో కలిపి ఆరుగురు పిల్లల్ని ఒక్కొక్కరినే బయట వేపచెట్టు కిందికి పిలిచాడు. సున్నానికి పగిలిన నా చేతుల్ని చూసి, ఏమైందని మెల్లగా అడిగాడు.

"బెంగుళూరులో లిఫ్టు చూసినా సార్," అన్నాను.

వచ్చి మూడు రోజులైనా ఆ లిఫ్టు గురించి ఎవరూ సరిగ్గా వినలేదు. ఆయన విన్నాడు. ఎప్పుడు చూశావని అడిగాడు. దసరా నుంచీ అక్కడే ఉన్నానని గొప్పగా చెప్పాను.

నెల తిరక్కుండా టీచర్ని సోమందేపల్లె అవతల ఒక ఊరికి మార్చారు. ఏడాది పాటు మా బడికి తాళం. చెప్పిందెవరని పెద్దలు మా ఆరుగుర్నీ నిలబెట్టి అడిగారు. నేను ఏమీ అనలేదు. పుల్లన్న వైపు చూశాను, అంతే. నా బదులు పలికేది వాడే కాబట్టి ఆ చూపు సరిపోయింది. వాళ్ళ నాయన పలుపుతాడుతో కొట్టాడు. బడి మాన్పించి గొర్రెల వెంట తోలాడు. ఊరు వాడికి ఇనస్పెట్టరని పేరు పెట్టింది. ఎందుకు పెట్టారో తెలియని పిల్లలు కూడా ఇప్పటికీ అలాగే పిలుస్తారు.

నేను ఐదో తరగతి పక్క ఊర్లో చదివాను. ఇప్పుడు రక్తపరీక్షల లాబ్‌లో పని చేస్తాను, ఒంటరిగా ఉంటాను. మా అమ్మ ముఖం కంటే టీచర్ ముఖం నాకు స్పష్టంగా గుర్తుంది. అది ప్రేమ అని చాలాకాలం అనుకున్నాను. అందులో ఎక్కువ భాగం భయమే గుర్తుపెట్టుకుందేమోనని ఈమధ్య అనిపిస్తోంది.

షామియానా కింద పాతిక మంది ఉన్నాం. టేబుల్ మీద ఆమె ఫొటో. ప్రార్థన అయ్యాక ప్రసూన మాట్లాడింది. బదిలీ నాటికి తనకు ఆరేళ్ళు. నాన్న ఇక్కడ, అమ్మా తనూ అక్కడ, ఇంకో ఆరేళ్ళు గడిపారట. ఎందుకు మార్చారో అమ్మ చనిపోయేదాకా చెప్పలేదట.

అప్పుడే పుల్లన్న వచ్చి వెనక నిలబడ్డాడు. మాతో చదివి ఇప్పుడు టీ హోటల్ నడుపుతున్న ఓబిలేష్ వెనక్కి తిరిగి చూశాడు.

"ఏమప్పా ఇనస్పెట్టరూ, రిపోర్టు రాసుకొని పోను వచ్చినావా?"

"నీ హోటలుదే ముందు రాస్తాలే. గ్లాసులు కడగవని."

నలుగురు నవ్వారు. పుల్లన్న నవ్వలేదు. తువ్వాలు చేతిలోకి తీసుకుని నేరుగా ముందుకు నడిచాడు. నేను లేవాలనుకున్నాను. వాడు మాట్లాడాక లేద్దాంలే అనుకున్నాను.

"నాకు మాట్లాడేది రాదమ్మా," అన్నాడు ప్రసూనతో. "మీ అమ్మను మా ఊరి నుంచి పంపించింది నేనే. ఇనస్పెట్టరు యాపచెట్టు కిందికి పిల్చుకపోయి బిస్కెట్టు ఇచ్చినాడు. అది తిని, దివాకరు బడికి రాలేదు, వాని బదులు నేనే పలుకుతాండానని చెప్పేసినా. బిస్కెట్టు కోసరం చెప్పినా తల్లీ. ఇన్నేండ్లూ మీ ఇంటి తావుకు రాలేకపోయినా."

ఆ రోజు వేపచెట్టు కింద బిస్కెట్లు లేవు. ఆయన చేతిలో ఒక ఫైలు, ఒక గొడుగు ఉన్నాయి. పుల్లన్న అబద్ధం చెప్పడం లేదు. నువ్వే నువ్వే అని అన్నేళ్ళు వినీ వినీ, ఆ నేరానికి సరిపడే జ్ఞాపకాన్ని తనే తయారు చేసుకున్నాడు. దానికి తీపి కూడా పెట్టుకున్నాడు.

లేచాను. "పుల్లన్న చెప్పలేదు. చెప్పింది నేను," అన్నాను.

ఓబిలేష్, "దివాకరుది పెద్ద మనసప్పా," అన్నాడు. తలలు ఊగాయి. ప్రసూన వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన బాధ తగ్గించాలని అంటాండారు గదన్నా. మా అమ్మ చెప్పిన చదువు అట్లాంటిది."

"నాది నన్ను చెప్పుకోనీ దివాకరూ," అన్నాడు పుల్లన్న విసుగ్గా. "మధ్యలో నీకేం పని?"

మొదట నాకు ఊరట కలిగింది. చెప్పాను, నమ్మలేదు, ఇక నా పని అయిపోయింది. ఆ ఆలోచన ఎంత తొందరగా వచ్చిందో చూసుకుని, నా మీద నాకే చిరాకేసింది. కుర్చీలో కూర్చున్నాను.

భోజనాలయ్యాక పుల్లన్న రోడ్డు పక్క మోరీ గట్టు మీద బీడీ కాలుస్తున్నాడు. పక్కన కూర్చున్నాను.

"నేను నీకోసం అన్లేదు. నిజంగానే చెప్పింది నేను."

"వదిలెయ్యప్పా. అయిపాయ."

"బిస్కెట్టు యాడ నుంచి తీసినాడు?"

"జోబులోనుంచి." కొంచెం ఆగాడు. "సంచిలోనుంచేమో. ఎందుకు?"

నేను లిఫ్టు సంగతి చెప్పాను. పగిలిన చేతుల సంగతి, దసరా నుంచీ అని అన్న సంగతి. పెద్దలు అడిగినప్పుడు తన వైపు చూసిన సంగతి కూడా.

బీడీ ఆరిపోయింది. మళ్ళీ ముట్టించలేదు.

"నువ్వు చూసింది నాకు గుర్తుండాది," అన్నాడు చివరికి. "పాపం, నాకోసం భయపడి చూసినాడు అనుకుంటి."

నేను కాళ్ళ కింద మోరీలోకి చూశాను.

"మరి నన్నేం అడిగినాడు ఆయప్ప?"

"తెలీదు. నేనాడ లేను."

వాడు చాలాసేపు ఎదుటి బీడు వైపు చూశాడు. ఆ వేపచెట్టు కింద వెతుకుతున్నాడని తెలుస్తూనే ఉంది. అక్కడ బిస్కెట్టు తీసేస్తే ఇంకేమీ దొరకడం లేదని కూడా తెలుస్తోంది.

"మా నాయన ముందర ఏడుస్తా, నేను చెప్పలేదు నాయనా అంటి," అన్నాడు. "అది నిజమేనన్నమాట."

"నిజమే."

"కొట్టించుకునేది తాళలేక అట్లంటి అనుకుంటాంటి."

లేచి తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. వాడు మళ్ళీ కూర్చున్నాడు.

"పో. ఆ బిడ్డకు చెప్పు."

"ఇద్దరం పోదాం. ఇద్దరం చెప్తే నమ్ముతాది."

"నేనెందుకు రావల్ల? నువ్వే చెప్పు, నమ్మేదాకా. ఆ తర్వాత ఓబిలేషుకు చెప్పు. ఊర్లో ఇల్లిల్లూ తిరిగి చెప్పు. నవ్వినా చెప్పు. నేనీడ్నే కూచ్చోనుంటా."

షామియానా గుంజలు పీకుతున్నారు. ప్రసూన వరండాలో ప్లేట్లు పేరుస్తోంది. పొద్దున్నుంచీ నిలబడి ఉన్న మనిషి, నన్ను చూసి మర్యాదకు నవ్వింది.

"అన్నా, ఇంకా పోలేదా?"

"లేదమ్మా," అన్నాను. "కొంచెం కూర్చో. చాలాసేపు పడుతుంది."