నీలం అంగీ

నాలుగో షెడ్డులో పంజరాల కింద చేయి దూర్చి, ఇరుక్కున్న గుడ్డును లింబాద్రి వేలికొసతో లాగాడు. పంతొమ్మిదేళ్లుగా తీగలు గీరి గీరి అతని మణికట్టు మీద వెంట్రుకలు మొలవడం మానేశాయి. నెలాఖరుకు ఈ పంజరాలన్నీ తుక్కుకు పోతాయి. గుడ్లు కొనే దేశంలో చట్టం మారింది. కోడికి తిరగడానికి నేల, ఎక్కి కూర్చోవడానికి కర్ర, పెట్టడానికి చీకటి గూడు ఉండాల్సిందే. కొలిచి సంతకం పెట్టే అధికారి ఇవాళే రియాద్ నుంచి వస్తున్నాడు. కొత్త షెడ్డుకు ఒక్క మనిషి చాలు. మిగతావాళ్లు ఇంటికే. ఆ ఒక్కడు బుచ్చన్న.

మూడేళ్ల కింద వచ్చాడు. పని నేర్పింది లింబాద్రే. కొత్త షెడ్డులో అప్పటికే వదిలిన కోళ్లను అతనే చూసేవాడు. అతని నీలం అంగీ కనబడితే చాలు, అన్నీ కాళ్ల చుట్టూ చేరేవి. ఒకటైతే భుజమెక్కేది. జాలీలోంచి చూసే లింబాద్రికి కళ్లలో కారం పడ్డట్టుండేది. ఇన్నేళ్లలో తన చేతికి ముక్కుపోట్లే దక్కాయి.

పదింటికి బుచ్చన్న పరుగున వచ్చాడు. చేతిలో మడత విప్పని తెల్లకోటు.

"లింబాద్రన్నా, ఆఫీసరు ముంగట గిది తొడుక్కోమంటుండు మేనేజరు. కోళ్లు బెదరయి గదా?"

లింబాద్రికి తెలుసు. ఒకప్పుడు డాక్టరు తెల్లకోటుతో వస్తే నాలుగో షెడ్డంతా తీగలకు తలలు కొట్టుకుంది. పంజరాలు కాబట్టి ఎక్కడివక్కడ ఆగాయి.

"నీ భుజమెక్కే మహారాణులాయె, బెదురుతయా? తొడుక్కో పో."

"నువ్వంటే సరేనే," అని నవ్వి బుచ్చన్న కొత్త షెడ్డుకు నడిచాడు. నీలం అంగీ విప్పి జాలీ బయటి మేకుకు తగిలించి, కోటు వేసుకుని తలుపు తీశాడు.

నాలుగు వేల కోళ్ల రెక్కలు ఒక్కసారి చప్పుడు చేశాయి. అన్నీ ఒకే మూలకు దూకి ఒకదాని మీద ఒకటి కుప్పపడ్డాయి. బుచ్చన్న పైవాటిని ఎత్తి పక్కకు వేస్తున్నకొద్దీ, ఆ తెల్లచేతులు చూసి మిగిలినవి ఇంకా నొక్కుకున్నాయి. వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ అధికారి కలం మూశాడు. అడుగున ఊపిరాడక చచ్చినవి నూట నలభై.

"మళ్లా నెలకు తనిఖీ. షెడ్డు నువ్వు చూడు," అని మేనేజరు తాళం లింబాద్రి చేతిలో పెట్టాడు. సాయంత్రానికి బుచ్చన్న పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ పడింది, ఇక తిరిగిరాకుండా ఇంటికే.

కంపెనీ బండెక్కుతూ బుచ్చన్న, "కోటు సంగతి నీకు సుత తెల్వకపాయె గదన్నా," అన్నాడు.

లింబాద్రి నోరు తెరిచాడు. "దాణా టైమయింది," అన్నాడు.

లోపల దాణా పోశాడు. బుచ్చన్నలా ఈల వేయబోతే గాలే వచ్చింది. ఒక్క కోడీ అతని వైపు రాలేదు. అన్నీ జాలీ దగ్గర చేరి, అవతల మేకుకు వేలాడుతున్న నీలం అంగీ కేసి మెడలు చాచాయి. దాని భుజం మీద ఎండిన రెట్ట మరక, జేబులో సగం బయటికి తేలిన దువ్వెన.