జెరోమ్‌కు చెప్పిన దారి

“నిన్నట్నించి ప్రేమరాజన్న ఫోను ఎత్తలే. వాళ్ల పిల్లోనికి ఏమన్నా అయిందో ఏమో, ప్రభువా!”

చెప్పుల పట్టీ బిగిస్తూ ఆలిస్ పైకే అనేసింది. ఆమె భయాలు ఇంట్లోవాళ్లకు అలవాటే.

పదో తరగతి అయిన పిల్లలకు ఇకముందు ఏం చదవాలో, ఏ పనిలో చేరాలో చెప్పే, గనుల ఊరు ఊరిగాంలోని ఆఫీసులో ఆమె ఉద్యోగం. ఆ సలహాలతో పిల్లలు బాగుపడ్డారా లేదా, రుజువులు కావాలన్నారు పైవాళ్లు. అందుకని గడపగడపా తిరుగుతోంది. పిల్లలు తెల్లారకముందే బెంగళూరు రైలెక్కేస్తారు, దొరికేది తల్లులే. వాళ్లు ఉన్నదీ లేనిదీ కలిపి చెబుతారు. కాబట్టి ఆలిస్ ముందు దండెం మీదికి చూస్తుంది. ఆరేసిన యూనిఫారాన్నే ఆమె నమ్ముతుంది.

“ఏమమ్మా, చావుకబురు తెచ్చినదాని మాదిరి నిలబడినావు! మా మధుర బ్యాంకులో చేరింది. రాసుకో, కాఫీ తాగు,” అని నవ్వింది మొదటి గడపలో కుముద. దండెం మీద బ్యాంకువాళ్ల నీలం కోటు కనిపించాకే ఆలిస్ గుండె కుదుటపడింది.

మధ్యాహ్నం బస్సులో కామసముద్రం వెళ్లింది. ప్రేమరాజు నిరుడే గని క్వార్టర్సు వదిలి అత్తగారి ఊరైన అక్కడికి చేరాడు. కొడుకు జెరోమ్‌ను తనతోపాటు వెల్డింగు షెడ్డులో పెట్టుకుంటానంటే, వద్దని లిఫ్టు మెకానిక్కు కోర్సులో చేర్పించింది ఆలిసే. “మీ నాయన కేజు లిఫ్టులో గనిలోకి దిగినాడు, వీడు పైకి పోతాడన్నా,” అని నవ్వించి మరీ ఒప్పించింది.

వాళ్ల దండెం మీద ఒక లుంగీ, ఒక చీర. ఇంకేమీ లేవు. లోపల జెరోమ్ ఫొటోకు పూలదండ.

ఆలిస్ గడప మీదే కూలబడింది. “ఎప్పుడన్నా?”

“ఈస్టరు పోయినాక. బెంగళూరులో కడతా ఉండే బిల్డింగు. లిఫ్టు గుంతలో పడిపోయినాడు.” ప్రేమరాజు గోడకు ఆనుకున్నాడు. “మా నాయన అన్ని ఏండ్లు గనిలోకి దిగినాడు ఆలిసమ్మా. దినామూ పైకొచ్చినాడు.”

ఆమె లేవబోయింది.

“యాడికి? అడగను వచ్చింది అడిగి పో.”

ఆలిస్ సంచిలోంచి కాగితాలు తీసింది. “మేము చెప్పిన దారి... పనికొచ్చిందా అన్నా?”

బయట ఎవరో మేకలను తోలుకుపోయారు. ఆ చప్పుడు దూరమయ్యేదాకా ఆమె తల ఎత్తలేదు. ప్రేమరాజు భార్య వంటింట్లోంచి వచ్చి నీళ్లచెంబు పెట్టి వెళ్లిపోయింది.

“వచ్చిందనే రాసుకో,” అన్నాడు ప్రేమరాజు చివరికి. “ఆ పనంటే వానికి శానా ఇష్టం. ఇంగొకరి బిడ్డను పంపేటప్పుడు మాత్రం... పడిపోకుండా నడుముకు బెల్టు ఇస్తారా లేదా, అడిగి పంపమ్మా.”

కిటికీ గూట్లో జెరోమ్ కరెంటు టెస్టరు ఉంది. రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు నోట కరుచుకునేవాడేమో, పసుపుపచ్చ పిడి నిండా పంటిగాట్లు.