దొర పడవ కాపలా

కృష్ణకు ఎర్రనీళ్లు వచ్చి రెండు గడియలైంది. పొద్దున మోకాలి లోతు పాయ దాటి గడ్డికి పోయిన తొమ్మిదిమంది ఆడవాళ్లు నది నడుమ దిబ్బ మీద చిక్కుకుపోయారు. వాళ్లలో దుర్గయ్య భార్య సైదమ్మ కూడా ఉంది. కోసేది దొర గుర్రాలకు గడ్డి, చేసేది వెట్టి.

ఒడ్డున దొర పడవ రెండు మోకుల మీద ఊగుతోంది. తెల్లరంగు, పరుపు కుర్చీలు, ఇత్తడి కమ్మీలు. దొర షికారుకు పోగా మిగిలిన రోజుల్లో దాన్ని పట్నం నవాబులకు కిరాయికిస్తాడు. మూడేళ్లుగా దుర్గయ్యే దాని కాపలాదారు. ఎండైనా వానైనా ఒడ్డున నిలబడి కాయాలి గాని లోపల కాలు పెట్టకూడదు. బెస్తవాడి కాళ్లు తగిలిన పడవలో అతిథులు కూర్చోరట. పుట్టిన ఊరి నదినంతా తెడ్డుతో కొలిచినవాడికి దక్కిన మర్యాద అది.

బెస్తలు నడిపే గుండ్రటి బుట్ట పడవ, పుట్టి ఒక్కటున్నా ఇంతసేపు చూస్తూ నిలబడేవాడు కాదు. లేకుండా చేసింది తానే. నిరుడు పడవలో ఇత్తడి దీపం పోయిందని దొర ఉండే గడిలో అతని వీపు చీరేశారు. ఆ దెబ్బలకు ఓర్వలేక, "ఒడ్డు మీద పుట్లు లేకుంటే దొంగెట్లొస్తడు దొరా" అన్నాడు. మర్నాడే బెస్తవాడలోని పదకొండు పుట్లూ గడి కొట్టంలో పడ్డాయి. మెచ్చి దొర ఒక పాత తలపాగా ఇచ్చాడు. అది ఇప్పుడూ దుర్గయ్య నెత్తి మీదే ఉంది.

గడి గుమాస్తా సీతారాములు మూడో మోకు తెచ్చి అతని ముందు పడేశాడు.

"వరద గుంజుతాంది. ఇది గూడ కట్టు. రేపు పట్నమోళ్లొస్తరు."

"అయ్యా, ఆడోళ్లు మునుగుతాండ్రు. పడవ ఇయ్యుండ్రి, గడియల తోలుకొస్త."

"బండకు తాకి పగిల్తే నీ తాత తెస్తడా? దొరనడగాలె. దొర పండుకున్నడు."

"జర లేపుండ్రి."

"ఎవర్రా లేపేది? మోకు కట్టు ముందుగాల."

దుర్గయ్య దిబ్బకేసి చూశాడు. నీళ్లు ఆడవాళ్ల నడుముల దాకా వచ్చాయి. తలపాగా తీసి మోకు పక్కన పెట్టాడు.

"గిది నేను కట్ట."

ఉన్న రెండు మోకులూ విప్పి, బురదకాళ్లతోనే పడవెక్కాడు. సీతారాములు తిడుతూ ఒడ్డు వెంట పరుగెత్తాడు గాని నీళ్లలోకి మాత్రం దిగలేదు.

పడవ చేరేసరికి ఆడవాళ్లు రొమ్ముల్లోతు నీళ్లలో ఒకరినొకరు పట్టుకొని నిలబడి ఉన్నారు. నెత్తిన గడ్డిమోపులు అలాగే ఉన్నాయి. ఒక్కరూ పారేయలేదు. దుర్గయ్య పడవను వాళ్ల పక్కకు తెచ్చి నిలిపాడు.

"ఎక్కుండ్రి."

సైదమ్మ వెనక్కి జరిగింది. "దొర పడవల మేమెట్ల ఎక్కుతమయ్యా? నిన్ను సంపుతరు."

అతను వంగి ఆమె నెత్తి మీది మోపు గుంజి ఏట్లోకి విసిరేశాడు. కొట్టుకుపోతున్న గడ్డి కోసం సైదమ్మ చేయి చాచింది.