నూకరత్నం నూనె రాసిన గడియ

నేను ఒక ఇనుప గడియను. 1987 ఆగస్టు పన్నెండు, బుధవారం. ఆ సాయంత్రం మా ఇంట్లో చోడి అంబలి, వేయించిన ఎండు నెత్తళ్ళ చేపలు. తేదీ ఎలా తెలుసంటే, నా పక్కనే తలుపు రెక్కకు క్యాలెండరు వేలాడేది. ఏం తిన్నారో ఎలా తెలుసంటే, సరిగా కడగని చేతులతోనే అందరూ నన్ను పట్టుకునేవారు.

విరిగిపోయిన ఎడ్లబండి చక్రపు పట్టాలోంచి కమ్మరి నన్ను తీశాడు. కొలిమిలో కాల్చి, సాగగొట్టి, కొస దగ్గర ఒక దెబ్బ ఎక్కువ వేశాడు. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. జూట్ మిల్లు పనివాళ్ళ లైన్లలో ఒక ఇంటి తలుపుకు లోపలివైపు బిగించారు. కదిపితే కీచుమంటాను. అది నా గొంతు. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు, ఆ బుధవారం దాకా.

ఆ ఇంట్లో ఉండే సన్యాసిరావు మిల్లులో మగ్గం నడిపేవాడు. భార్య గౌరమ్మకు అదే మిల్లులో సాయంత్రం షిఫ్టు. ఆమె వెళ్తూ వెళ్తూ తొమ్మిదేళ్ళ కూతురు నూకరత్నం అరచేతిలో కొబ్బరినూనె పోసి, తలకు రాసుకోమనీ, చెల్లెల్ని చూసుకోమనీ చెప్పేది. ఆ తర్వాత ఇంట్లో ఇద్దరు పిల్లలూ, నేనూ. చీకటి పడే వేళకు తండ్రి తాగి వచ్చేవాడు. తలుపు మీద చెయ్యి ఎలా పడిందో విని, ఆ రోజు ఎలా గడవబోతోందో ఆ పిల్ల గ్రహించేది. పళ్ళెం పెట్టాలా, చెల్లెల్ని మంచం వెనక దాచాలా అన్నది నన్ను లాగేలోపే తేల్చుకునేది.

ఆ బుధవారం నేను కీచుమన్నాను. సన్యాసిరావు గుమ్మంలో తూలుతూ, "ఈ మోత ఇంటేనే నాకు తాగాలనిపిస్తాది" అన్నాడు.

తెల్లారేసరికి ఆ మాట అతనికి గుర్తు లేదు. మనుషుల సాకులకు అంతకంటే ఆయుష్షు ఉండదు. కానీ ఆ పిల్ల దాన్ని శాసనంలా మనసులో పెట్టుకుంది.

మర్నాడు తల్లి వెళ్ళగానే పీట వేసుకుని నా దగ్గరికి వచ్చింది. చేతిలో కోడి ఈక. అరచేతిలోని నూనెలో సగం ఆ ఈకతో నాకు పూసింది. నేను నిప్పును చూశాను, సమ్మెటను చూశాను. అంత మెత్తని చేతిలో అంత పట్టుదల ఎక్కడిదో నాకు అంతుపట్టలేదు. తండ్రి తాగుడు మొత్తాన్ని ఒక ఈకతో ఆపేద్దామనుకుంటోంది. ఇనుమునైన నాకే ఒళ్ళు జలదరించింది.

తండ్రి నెమ్మదిగా వచ్చిన రోజున అది నూనె గొప్పతనం. కేకలు వేసిన రోజున తను సరిగా రాయలేదనుకునేది. అంతకంటే అన్యాయమైన తీర్పు నేనెక్కడా వినలేదు, ఇచ్చుకున్నది తనకు తానే. రోజురోజుకూ నా వాటా పెరిగింది, ఆమె జుట్టు గోగునారలా ఎండిపోయింది. లైన్లలో పిల్లలు ఆటకు పిలిస్తే పని ఉందనేది.

ఒక సాయంత్రం నూనె అంతా నాకే రాసింది. తండ్రి వచ్చాడు. నేను చప్పుడు చెయ్యకుండా జారాను, ప్రాణం పెట్టి జారాను. అయినా అతను అన్నం గిన్నె గోడకేసి కొట్టాడు.

పక్కింట్లో పాపినాయుడు ఒంటరిగా ఉండేవాడు. భార్య పోయాక ఆయనకు సాయంత్రాలు గడిచేవి కావు. ఆ చప్పుడుకు ఆయన లేచేసరికే నూకరత్నం చెల్లెల్ని ఎత్తుకుని రెండిళ్ళకూ కలిసిన వరండాలోకి వచ్చేసింది. ఏడవడం లేదు. అరచెయ్యి చాపి చూపించింది.

"నూనంతా రాసినాను తాతా. కీసుమననేదు. అయినా కోపమొచ్చీసింది."

పాపినాయుడు ఆ చేతినీ, ఎండిన జుట్టునూ, తెరిచిన తలుపుకు మెరుస్తున్న నన్నూ మార్చి మార్చి చూశాడు. అర్థమయ్యాక ఆమె ఎత్తుకు వంగాడు.

"ఆ తాగుడు గడియలో నేదమ్మా. నీలోనూ నేదు. నువ్వు తెచ్చింది కాదు, నువ్వు ఆపగలిగిందీ కాదు."

"మరైతే నానేటి సెయ్యాల?"

"తలకి నూనె రాసుకో. ఆడుకో. బయమేస్తే నా తలుపు తీసే ఉంటాది."

అప్పుడు ఏడ్చింది. ఎన్నాళ్ళదో ఆ ఏడుపు. ఆయన ఆపలేదు, చంటిదాన్ని ఒళ్ళోకి తీసుకుని పక్కన కూర్చున్నాడు, అంతే.

గౌరమ్మ వచ్చేదాకా ఆయన పడుకోలేదు, వచ్చాక అంతా చెప్పాడు. ఆమె మిల్లులో అడిగి పగటి షిఫ్టుకు మారింది. సన్యాసిరావు మారిపోయాడని చెప్పాలని నాకూ ఉంది. మారలేదు. అప్పుడప్పుడూ మానేవాడు, మళ్ళీ మొదలుపెట్టేవాడు. కానీ కొన్నాళ్ళకు ఒక సాయంత్రం అతను వచ్చినప్పుడు గౌరమ్మ నన్ను లాగితే గట్టిగా కీచుమన్నాను. బయట తొక్కుడుబిళ్ళ ఆడుతున్న నూకరత్నం తల తిప్పలేదు. గీత మీద ఒంటికాలితో నిలబడి, నూనె రాసిన జడ ఊపుతూ నవ్వుతోంది. ఒక మనిషి నన్ను మరిచిపోతే అంత సంబరం కలుగుతుందని నాకు అప్పుడే తెలిసింది.

మిల్లు మూతపడింది. లైన్లు కూల్చేశారు. పాత ఇనుము కొట్టులో, తుప్పు పట్టిన సైకిలు రిమ్ముల కింద చాలాకాలం పడి ఉన్నాను. ఒకరోజు తలుపు బందుల కోసం వచ్చిన ఒకావిడ నన్ను తీసి, బొటనవేలితో కొస తడిమింది. సొట్ట దగ్గర వేలు ఆగింది. బందుల మాటే మరిచిపోయి నన్ను ఇంటికి తెచ్చుకుంది.

ఇప్పుడు నేను నూకరత్నం ఇంటి తలుపుకున్నాను. నిన్న పడుకోబోతూ ఆమె భర్త, ఈ గడియకు కాస్త నూనె రాయకూడదా అన్నాడు.

"దాని గొంతు దానిది, ఉండనీండి" అంది ఆమె.

తలుపు నెమ్మదిగా చేరవేసి నన్ను జరిపింది. గొంతు విప్పి కీచుమన్నాను. లోపల నిద్రపోతున్న ఆమె కూతురు ఇటునుంచి అటు ఒత్తిగిలి, కళ్ళైనా తెరవకుండా హాయిగా నిద్రపోయింది.