న్యాపీ మీద నిలబడ్డ నీటిబొట్టు

చేతిలో ఏది పడ్డా దాన్ని నునుపు చేసేదాకా ఆ వడ్రంగికి నిద్రపట్టదు. కూతురు పుట్టాక ఆ పిచ్చి గుడ్డ న్యాపీల మీదికి మళ్లింది. బట్టలు మెత్తబడటానికి ఆఖరి జాడింపులో పోసే సెంటు మందు ఉంటుందే, దాన్ని మూతతో పొయ్యమంటే గ్లాసుతో పోసేవాడు. ఆరాక ఒక్కో గుడ్డనూ చెంపకు ఆనించుకుని, "చూడండి అత్తయ్యా, వెన్నపూస!" అని మురిసిపోయేవాడు.

వెన్నపూస బాగానే ఉంది గాని, చెయ్యాల్సిన పని చెయ్యడం మానేసింది. పిల్ల పోసిందంతా గుడ్డలో ఆగకుండా తొడల మీదుగా జారిపోతోంది. అలవాటవుతుందని వారంగా పిల్లని దింపుతున్న శిశుకేంద్రంలో నిన్న ఆయా తడిసిన గౌన్ల సంచి అతని చేతిలో పెట్టి కుండబద్దలు కొట్టింది.

"ఎన్నని మార్చను అన్నా? పక్కలన్నీ ముద్దే. రేపటి సెలవు గడిచాక కూడా ఇదే వరసైతే మాత్రం పిల్లని తేవద్దు."

పోనీ కొన్న డైపర్లు వేద్దామంటే, వేసిన పూటకే పిల్ల ఒళ్లు ఎర్రగా కందిపోయి గుక్కపట్టి ఏడుస్తుంది. అత్తగారేమో చిన్నకూతురి పురిటికి రేపు బయల్దేరాలి. వడ్రంగి భార్య బస్సు కండక్టరు. పురిటి సెలవు అయిపోయి ఆవిడా రేపే డ్యూటీలో చేరాలి. పిల్లని చూసేవాళ్లు లేకపోతే ఆ ఉద్యోగానికి నీళ్లు వదులుకోవాల్సిందే. ఖాకీ చొక్కా పెట్టెలోంచి బయటికి తీయనే లేదు ఆవిడ.

మధ్యాహ్నం వడ్రంగి దిగులుగా న్యాపీలు మడతపెడుతుంటే, అత్తగారు చేతులు కడుక్కుని వచ్చి విదిలించింది. ఒక బొట్టు గుడ్డ మీద పడింది. పడి, ఇంకలేదు. గుండ్రంగా, మెరుస్తూ, గాజుపూసలా నిలబడింది. అతను గుడ్డ వంచితే అటు దొర్లింది. ఇటు వంచితే ఇటు దొర్లింది.

"ఆగండి! ఎవరూ కదలొద్దు!"

"ఏంటయ్యా, పామా?" అంటూ అత్తగారు మంచమెక్కేసింది.

"పామూ లేదు, తేలూ లేదు. బొట్టు!"

ఒక్క ఉరుకున పెరట్లోకి వెళ్లి రెండు చెక్కలు పట్టుకొచ్చాడు. వార్నిష్ వేసినదాని మీద నీళ్లు చిలికాడు. బొట్లు నిలబడ్డాయి. చిత్రిక పట్టి వదిలేసిన పచ్చి చెక్క మీద చిలికాడు. గటగటా తాగేసింది.

"అయ్యో నా తెలివి తెల్లారిపోనూ! ఆ సెంటు మందుతో రోజూ ఒక కోటింగు చొప్పున న్యాపీలకి పాలిష్ వేసిపెట్టాను నేను!"

భార్య నడుం మీద చెయ్యేసుకుంది. "మెచ్చుకోమంటారా, తిట్టమంటారా?"

"తర్వాత తీరిగ్గా తిడుదువుగాని, ముందు నీళ్లు పెట్టు. ఎండ పోతోంది!"

ఇల్లు ఇల్లంతా లేచి నిలబడింది. సలసల కాగే నీళ్లు బకెట్లో పడ్డాయి. అత్తగారు చీర కుచ్చెళ్లు ఎగదోపి కర్రతో కుళ్లబొడుస్తోంది. సబ్బు పొడి వేసి ఉతికి, వేన్నీళ్లలో జాడిస్తే జిడ్డు జిడ్డుగా తెల్లనీళ్లు. మళ్లీ కాచారు, మళ్లీ జాడించారు. సబ్బు వెయ్యకపోయినా నురగే!

"ఇదెక్కడి నురగే తల్లీ, ఊరంతటి బట్టలకి సరిపోతుంది!"

"ఊరికేనా అత్తయ్యా, గ్లాసుతో పోశాను!"

"అదో ఘనకార్యం!"

ఎట్టకేలకు నీళ్లు నీళ్లలా తేటగా దిగాయి. పిండారు, దులిపారు. దండెం మీద ఎండ జరిగిపోతుంటే వడ్రంగి కుర్చీలకీ నిచ్చెనకీ న్యాపీలు తగిలించి, ఎండ ఎటు పోతే అటు మోశాడు. వీధిలో వెళ్లేవాళ్లు నిలబడి మరీ చూశారు. అతనికి పట్టలేదు.

ఆరాక గుడ్డ గరుగ్గా చేతికి తగిలింది. అతని ప్రాణం ఉసూరుమంది. చూపు సెంటు సీసా మీదికి పోయింది.

"అటు చూశావంటే చెయ్యి విరిచేస్తా అల్లుడూ!"

బొట్టు వేశాడు. ఒక్క గుటకలో మాయం! ఇంకోటి. అదీ మాయం! "తాగేస్తోందే! తాగేస్తోంది!" అని గెంతాడు.

"నీళ్లు తాగడం కాదయ్యా, అసలుది చూడాలి," అని అత్తగారు పిల్లకి న్యాపీ మడిచి కట్టి, పైన చడ్డీ తొడిగింది. రేపటి ప్రయాణానికి ఇస్త్రీ చేయించుకున్న చీర ఒళ్లో పరుచుకుని, దాని మీదే కూచోబెట్టుకుంది. బుడంకాయ లాంటి ఆ పిల్ల ముగ్గురి మొహాలూ చూసి బోసినవ్వు నవ్వుతోంది. ఉన్నట్టుండి నవ్వాపింది. కళ్లు ఒక్కచోట నిలిచిపోయాయి. సన్నగా జలదరించింది.

"పోస్తోంది!" అన్నాడు వడ్రంగి ఊపిరి బిగబట్టి. "పోస్తోంది, పోస్తోంది!"

అయ్యేదాకా ఆగి, అత్తగారు పిల్లని పైకెత్తింది. చీర తడిమింది. చడ్డీ అంచు తడిమింది. మళ్లీ చీర తడిమింది.

"పొడి!" అని ఆవిడ వేసిన కేక వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. "ఒక్క చుక్క లేదే! పొడి!"

వడ్రంగి పిల్లని అందుకుని గాల్లోకి లేపాడు. లోపల పెట్టె మూత దబ్బున తెరుచుకుంది. భార్య ఖాకీ చొక్కా భుజాన వేసుకుని, జేబులోంచి ఈల తీసి, పిల్ల కేరింతలు కొట్టేలా ఊదింది.

"రైట్, రైట్!"