వగరు లేని చెక్క

పొద్దున్నుంచి వడ్రంగి ముఖం మాడిపోయి ఉంది. లాయరమ్మ పుస్తకాల బీరువాకు ఒక తలుపును పురుగు తినేస్తే కొత్తది చేశాడు. పనితనానికి వంక లేదు. రంగే పాత తలుపుతో కలవలేదు.

అతని డబ్బాలో ఉండేది నిజానికి రంగు కాదు, నారింజరంగు పలుకులుగా ఉండే బైక్రోమేట్ ఉప్పు. నీళ్లలో కరిగించి పూస్తే కొత్త చెక్క కాసేపట్లోనే పాతచెక్కలా ముదురుతుంది. ముప్పై ఏళ్లుగా అదే అతని విద్య. ఈసారి మూడు పూతలు వేసినా తలుపు కామెర్లొచ్చినట్టు పచ్చగానే ఉంది. సాయంత్రం లాయరమ్మ వస్తుంది.

కూతురికి ఆ రోజు సెలవు. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెది, తోళ్లు పదును చేసే ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఉద్యోగం. ఆమె చూపు తలుపు మీద లేదు, తండ్రి వేళ్ల మీద ఉంది. గోళ్ల పక్కన తొలిచినట్టున్న పుండ్లు నెలలుగా మానడం లేదు. తను తెచ్చిన రబ్బరు తొడుగులు మడత విప్పకుండా మేకుకు వేలాడుతున్నాయి.

"మా దగ్గర తోళ్లకీ, పక్క ఫ్యాక్టరీలో ఇనుము మీద మెరుపు పూతకీ ఈ జాతి ఉప్పులే నాన్నా. చర్మాన్ని తినేస్తుందని, తొడుగుల్లేకుండా మూత తీస్తే ఇంటికి పంపేస్తారు."

"నన్నెవరు పంపుతారు? మీ అమ్మా?"

"ఊఁ అనండి, ఇప్పుడే పంపుతా," అంది తల్లి లోపల్నుంచి.

"అంత చదివావుగా, ఈ తలుపు రోగమేంటో చెప్పు."

కూతురు మిగిలిన ముక్కను తిప్పి చూసింది. "ఈ చెక్క ఎక్కడిది?"

"కొత్త కలప అడితిది. ముడి లేదు, వంకర లేదు, మీగడలా ఉంది."

"వగరు కూడా లేదు. ఉప్పు రంగేయదు నాన్నా. చెక్కలో కరక్కాయలాంటి వగరుంటే దాంతో కలిసి ముదురుతుంది. ఇన్నాళ్లూ సగం పని నీ చెక్కే చేసింది."

"మరిప్పుడెలా?"

"చెప్తా. ముందు తొడుగులు వేసుకో."

"కన్నతండ్రితో బేరమా!"

"నీ కూతుర్నేగా."

"నా కళ్లు వేళ్లలో ఉన్నాయే. కప్పేస్తే గుడ్డివాణ్ణే."

"ఆ పుండ్లు లోపలికి దిగితే ఉలి ఎవరు పడతారు?"

అతను గోడ గడియారం చూశాడు. తర్వాత తన వేళ్లు చూసుకున్నాడు. గొణుక్కుంటూనే తొడుగులు లాక్కున్నాడు.

కూతురు తలుపును తడిగుడ్డతో తుడిపించింది. పాలు లేని టీని వగరెక్కేదాకా కషాయంలా మరిగించి, చల్లార్చి పూయించింది. అది ఆరాక ఉప్పునీళ్లు. పచ్చదనం మెల్లగా గోధుమరంగైంది, ఆ గోధుమరంగు ఇంకా చిక్కబడింది.

"ఓసి దీని దుంపతెగ! చెక్కకి టీ పట్టాలా?"

సాయంత్రం లాయరమ్మ బీరువా రెండు తలుపులూ తెరిచి మూసింది. "కొత్తదేది?"

"మీరే చెప్పండి," అన్నాడు వడ్రంగి ఛాతీ విరుచుకుని. ఆమె తప్పు చెప్పింది.

ఆమె వెళ్లాక కూతురు అతని వేళ్లకు మందు రాసింది. అతను చేయి కదలనివ్వకుండా కూర్చున్నాడు.

"ఒసేయ్ అమ్మాయ్, ఆ తొడుగులు బొటనవేలి దగ్గర బిగువు. పెద్ద సైజు దొరుకుతాయా? రెండు జతలు తే."